దేశం దాటితే సిగరెట్ చట్టం మారుతుంది: బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

హాంకాంగ్‌లోకి ఒక మనిషి సుంకం కట్టకుండా తీసుకెళ్లగలిగే సిగరెట్లు 19. మామూలు పెట్టెలో 20 ఉంటాయి. అంటే సీలు విప్పని పెట్టె ఒక్కటి జేబులో ఉన్నా పరిమితి దాటినట్టే లెక్క. అక్కడ పెద్దవాళ్లు సిగరెట్ కొనుక్కోవచ్చు, నిషేధం లేని చోట కాల్చుకోవచ్చు. తప్పల్లా ఆ ఇరవయ్యో సిగరెట్‌ను కస్టమ్స్‌కు చెప్పకుండా లోపలికి పట్టుకుపోవడంలో ఉంది.

పొగాకు చట్టాల దగ్గర చాలామంది దెబ్బతినేది ఇలాంటి చోటే. "ఆ దేశంలో సిగరెట్ కాల్చనిస్తారా?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు, "కాల్చనిస్తారు" అన్న జవాబు పట్టుకుని బయల్దేరతారు. చట్టం మాత్రం అదే సిగరెట్‌ను అయిదు చోట్ల ఆపి అయిదు రకాలుగా అడుగుతుంది. లోపలికి తేవచ్చా, తెస్తే ఎంత? దగ్గర ఉంచుకోవచ్చా? ఎవరు, ఎక్కడ అమ్మాలి? కొనేవాళ్లకు ఎన్నేళ్లు నిండాలి? ఎక్కడ కాల్చకూడదు? ఒకదానికి సరేనన్న దేశమే ఇంకోదానికి ససేమిరా అంటుంది. కాబట్టి వెళ్లే దేశం పేరు ఒక కాగితం మీద రాసుకుని, ఈ అయిదింటికీ విడివిడిగా జవాబులు వెతకండి. మధ్యలో దిగి కస్టమ్స్ దాటాల్సిన దేశం ఉంటే దానికి ఇంకో కాగితం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003లో కుదిరి, 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన పొగాకు నియంత్రణ ఒప్పందంలో 180కి పైగా పక్షాలున్నాయి. పెట్టె మీద హెచ్చరిక బొమ్మలు, ప్రకటనల మీద ఆంక్షలు చాలా దేశాల్లో ఒకేలా కనిపించడానికి కారణం అదే. కానీ ఆ ఒప్పందం దిశ చూపిస్తుందే తప్ప గ్రాముల లెక్క, జరిమానా లెక్క చెప్పదు. అవి ఏ దేశానికి ఆ దేశమే రాసుకుంటుంది. అమెరికా సంతకం చేసి కూడా ఆమోదించలేదు. ఇండోనేషియా అసలు చేరనే లేదు.

ముందు వస్తువేదో తేల్చుకోండి

సిగరెట్, బీడీ, చుట్ట, చుట్టుకుని తాగే విడి పొగాకు, హుక్కా మిశ్రమం, నమిలే పొగాకు, ఈ-సిగరెట్, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరం: చట్టం దృష్టిలో ఇవన్నీ వేరువేరు సరుకులు. సిగరెట్‌కు దొరికిన జవాబు మిగతావాటికి వర్తిస్తుందని అనుకోవద్దు.

అందరికంటే జాగ్రత్తపడాల్సింది ఈ-సిగరెట్ వాడేవాళ్లు. మామూలు సిగరెట్‌తో తప్పు జరిగితే చాలాచోట్ల సుంకమో జరిమానానో కట్టి బయటపడొచ్చు. వేప్ (ఈ-సిగరెట్‌కే ఇంకో పేరు) విషయంలో కొన్ని దేశాల్లో వస్తువు చేతిలో ఉండటమే నేరం. సింగపూర్‌లో కొనడం, వాడడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నిషేధం. 2025 సెప్టెంబర్ 1 నుంచి శిక్షలు ఇంకా పెంచారు: మొదటిసారి దొరికిన పెద్దవాళ్లకు 700 సింగపూర్ డాలర్లు, 18 ఏళ్లలోపు వాళ్లకు 500. మళ్లీ మళ్లీ దొరికిన విదేశీయులకు పాస్ రద్దు చేసి దేశంలోకి తిరిగి రానివ్వకపోవడం దాకా వెళ్తుంది. థాయిలాండ్‌లో వీధిలో వేప్ పీల్చేవాళ్లు కనిపిస్తారు, అమ్మేవాళ్లూ కనిపిస్తారు. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. అక్కడ 2014 నుంచి దిగుమతి, 2015 నుంచి అమ్మకం నిషేధం. చట్టంలో రాసి ఉన్న శిక్ష 10 ఏళ్ల జైలు దాకా ఉంది. భారతదేశంలో 2019 చట్టం ఉత్పత్తి, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నిటినీ నిషేధించింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, లేదా రెండూ పడవచ్చు. బ్రెజిల్ 2009లోనే అమ్మకం ఆపేసి 2024లో ఆ నిర్ణయాన్నే ఖరారు చేసింది. మెక్సికో, తైవాన్, వియత్నాం, మాల్దీవులు కూడా నిషేధించిన దేశాలే.

అనుమతి ఉన్న చోట్ల కూడా పరికరం ఎలా ఉండాలో చట్టమే చెబుతుంది. యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నింపుకునే సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని బెల్జియం 2025 జనవరి 1 నుంచి, ఫ్రాన్స్ అదే ఏడాది ఫిబ్రవరి నుంచి, బ్రిటన్ జూన్ 1 నుంచి ఆపేశాయి. బ్రిటన్ నిషేధం ఎవరికి వర్తిస్తుందో గమనించండి: అమ్మేవాళ్లకూ సరఫరా చేసేవాళ్లకూ. అంతకుముందే కొనుక్కున్నదాన్ని వాడుకునేవాళ్ల మీద కేసు లేదు. పైన చెప్పిన అయిదు ప్రశ్నలు వేరువేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి వేప్‌లను మందుల దుకాణంలో తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు. బయటి నుంచి వచ్చే ప్రయాణికుడు సొంత వాడకానికి 2 పరికరాలు, 20 విడిభాగాలు, 200 మిల్లీలీటర్ల ద్రవం వెంట తెచ్చుకోవచ్చు. అంతేగానీ పోస్టులో తెప్పించుకోవడానికి లేదు. జపాన్ దీనికి పూర్తిగా వేరు. అక్కడ నికోటిన్ ఉన్న ద్రవాన్ని మందుల కింద లెక్కేస్తారు కాబట్టి దుకాణాల్లో దొరకదు. నెలకు సరిపడా, అంటే 120 మిల్లీలీటర్ల వరకు, సొంతానికి తెచ్చుకోవచ్చు. పొగాకును వేడిచేసే స్టిక్స్ మాత్రం అక్కడ మామూలుగా అమ్ముతారు.

నమిలే పొగాకు అలవాటున్నవాళ్లు తమది చిన్న పొట్లమే కదా అనుకుంటారు. సింగపూర్ గుట్కా, ఖైనీ, జర్దాలను నిషేధిత సరుకుల్లో చేర్చింది, హుక్కా పొగాకునూ చేర్చింది. యూరోపియన్ యూనియన్‌లో పెదవి కింద పెట్టుకునే స్నుస్ అమ్మకం ఒక్క స్వీడన్‌లోనే చెల్లుతుంది. క్యూబా చుట్టలు యూరప్‌లో ఎంత మామూలుగా దొరికినా అమెరికాకు తీసుకెళ్లకూడదు. సొంత వాడకానికైనా సరే, 2020 సెప్టెంబర్ 24 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు.

మానడానికి వాడే నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు చాలాచోట్ల మందుల కింద వస్తాయి. వాటిని విడిగా జిప్ కవర్లో పోయకుండా పేరు, మోతాదు కనిపించే అసలు పెట్టెలోనే ఉంచండి.

ఎన్ని తీసుకెళ్లవచ్చు: లెక్క ఎలా కట్టాలి

"200 సిగరెట్లు, అంటే ఒక కార్టన్" అన్న మాట ప్రపంచమంతా చెల్లుతుందని చాలామంది నమ్మకం. చెల్లదు. కొన్ని దేశాల లెక్క ఇలా ఉంది.

బ్రిటన్: 200 సిగరెట్లు, లేదా 100 సిగరిల్లోలు (చిన్న చుట్టలు), లేదా 50 చుట్టలు, లేదా 250 గ్రాముల పొగాకు
అమెరికా: 200 సిగరెట్లు, 21 ఏళ్లు నిండినవాళ్లకు
యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్: 400 సిగరెట్లు
భారత్: 100 సిగరెట్లు, లేదా 25 చుట్టలు, లేదా 125 గ్రాముల పొగాకు
న్యూజిలాండ్: 50 సిగరెట్లు, లేదా 50 గ్రాములు
ఆస్ట్రేలియా: 25 సిగరెట్లు లేదా 25 గ్రాములు, దానికి తోడు విప్పిన పెట్టె ఒకటి
హాంకాంగ్: 19 సిగరెట్లు
సింగపూర్: సున్నా

ఇందులో "లేదా" అన్న మాటే ముఖ్యం. అన్నీ కలిపి తెచ్చుకోవచ్చని కాదు. బ్రిటన్‌లో వాటాలు కలుపుకోవచ్చు: 100 సిగరెట్లంటే సగం వాటా, 25 చుట్టలంటే మిగతా సగం, అక్కడితో వాటా నిండింది. దాని పైన ఒక్క పొగాకు పొట్లం చేరినా దాటినట్టే.

దాటితే ఏమవుతుందన్నది కూడా దేశాన్ని బట్టే. ఎక్కువైన వాటికే సుంకం పడుతుందని అనుకుంటారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ రెండూ అలా చూడవు. పరిమితి దాటితే ఆ రకం సరుకు మొత్తానికీ, అంటే మొదటి సిగరెట్ నుంచి, లెక్క కడతారు. ఆస్ట్రేలియాలో పొగాకు సుంకం ప్రపంచంలోనే భారీ సుంకాల్లో ఒకటి. చవకగా దొరికిందని మోసుకొచ్చిన కార్టన్‌కు, అక్కడ దుకాణంలో కొన్నంత ఖర్చు తేలుతుంది. థాయిలాండ్‌లో 200 దాటితే సరుకు జప్తు చేసి, దాని మీద పది రెట్ల దాకా జరిమానా వేస్తారు.

సింగపూర్ సున్నా అంటే తేకూడదని కాదు. సొంత వాడకానికి 400 గ్రాముల వరకు తెచ్చుకోవచ్చు, కానీ మొదటి సిగరెట్ నుంచే సుంకం, పన్ను కట్టాలి. విమానం దిగాక గ్రీన్ ఛానెల్ (కస్టమ్స్‌కు చెప్పాల్సింది ఏమీ లేనివాళ్ల దారి) వైపు ఒక్క అడుగు కూడా వేయకుండా నేరుగా రెడ్ ఛానెల్‌కు (చెప్పాల్సింది ఉన్నవాళ్ల దారి) వెళ్లి, అడగకముందే మీరే చెప్పాలి. జేబులో సగం ఖాళీ అయిన పెట్టె ఉన్నా ఇదే పద్ధతి.

ఇక తరచుగా జరిగే పొరపాట్లు. మొదటిది, బయల్దేరే విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణం అమ్మింది కాబట్టి చెల్లుతుందనుకోవడం. ఆ దుకాణం మీరు వదిలి వెళ్తున్న దేశపు సుంకం మినహాయిస్తుంది. దిగే దేశంతో దానికి సంబంధం లేదు. రెండోది, అందరి సిగరెట్లూ ఒకే బ్యాగులో సర్దడం. వాటా మనిషికి ఇస్తారు, కుటుంబానికి కాదు. నలుగురివీ ఒకరి బ్యాగులో కనిపిస్తే ఆ ఒక్కరి లెక్కగానే చూసే ప్రమాదం ఉంది. ఎవరివి వాళ్ల బ్యాగులో, బిల్లుతో సహా పెట్టుకోండి. పిల్లల పేరున వాటా ఉండదు: బ్రిటన్, యూరప్ రెండిట్లోనూ 17 ఏళ్లు నిండాలి. మూడోది, కనెక్టింగ్ విమానం. ఒకే టికెట్ మీద బ్యాగులు నేరుగా చివరి ఊరికి వెళ్తుంటే చాలాచోట్ల మధ్య దేశపు కస్టమ్స్ మీ జోలికి రాదు. విడివిడిగా టికెట్లు కొంటే మధ్యలో దిగి, బ్యాగు తీసుకుని, మళ్లీ ఇవ్వాలి. ఆ క్షణం నుంచి మీరు ఆ దేశంలోకి సరుకు తెచ్చినవాళ్లే. అమెరికాలో టికెట్ ఒకటే అయినా మొదట దిగిన విమానాశ్రయంలోనే కస్టమ్స్ దాటాలి. నిషేధిత వేప్ అయితే "దారిలో ఆగాను, అంతే" అన్న మాట సింగపూర్ లాంటి చోట మిమ్మల్ని కాపాడుతుందని లెక్కలోకి తీసుకోవద్దు. బయల్దేరే చోటే వదిలేయండి.

అక్కడే కొనాలంటే

కొన్ని దేశాల్లో ఏ మూల కొట్టుకెళ్లినా సిగరెట్ దొరుకుతుంది. కొన్నింటిలో ఊరంతా తిరిగినా సరైన బోర్డు పట్టుకోకపోతే దొరకదు. ఇటలీలో పెద్ద "టీ" అక్షరం ఉన్న దుకాణం వెతకాలి. ఫ్రాన్స్‌లో లైసెన్సున్న పొగాకు దుకాణం ముందు ఎర్రటి, నిలువు వజ్రం ఆకారపు గుర్తు వేలాడుతుంది. స్పెయిన్‌లో వీటిని ఎస్తాంకో అంటారు. హంగరీ 2013 జూలై నుంచి అమ్మకాన్ని జాతీయ పొగాకు దుకాణాలకే అప్పగించింది, 18 ఏళ్లలోపు వాళ్లను లోపలికే రానివ్వరు. నెదర్లాండ్స్ 2024 జూలై 1 నుంచి సూపర్‌మార్కెట్లలో అమ్మకం ఆపేసింది. అంతకు ఏడాది ముందే ఆన్‌లైన్ అమ్మకం కూడా పోయింది.

దుకాణం దొరికాక ఇంకో చిక్కు. బ్రిటన్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ లాంటి చోట్ల సరుకు కనిపించేలా పెట్టకూడదు. తలుపులేసిన అల్మారా వెనక ఉంటుంది. పెట్టెలు కూడా ఒకే తీరు: 2012 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా మొదలుపెట్టిన సాదా పెట్టె పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే బురద రంగు అట్ట, ముందూ వెనకా జబ్బు బొమ్మలు, కింద చిన్న సాదా అక్షరాల్లో కంపెనీ పేరు, రకం పేరు. ఎర్ర పెట్టె, నీలం పెట్టె అని చూపించి అడిగే వీలుండదు. రకం పేరు పూర్తిగా చెప్పాలి. అదీ మారిపోయి ఉండొచ్చు, ఎందుకంటే "లైట్", "మైల్డ్" లాంటి మాటలు యూరప్‌లో వాడకూడదు. ఆ మాటలు ఆరోగ్యానికి తక్కువ హాని అన్న భ్రమ కలిగిస్తాయి, తీసేయడం న్యాయమే. మెంథాల్ సిగరెట్లు కెనడాలో 2017 నుంచి, యూరోపియన్ యూనియన్, బ్రిటన్‌లలో 2020 మే 20 నుంచి లేవు. అమెరికాలో మసాచుసెట్స్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో లేవు, పక్క రాష్ట్రాల్లో ఉండొచ్చు. విడిగా ఒక్కో సిగరెట్ అమ్మడం అమెరికాలో, యూరప్‌లో చట్టవిరుద్ధం. అక్కడ పెట్టెలో కనీసం 20 ఉండాలి. రోడ్డు మీద ఎవరైనా విడిగా అమ్ముతుంటే అది దొంగ సరుకు కావచ్చు.

వయసు లెక్క చాలా దేశాల్లో 18. జపాన్, థాయిలాండ్, తైవాన్‌లలో 20, లాట్వియాలో 2025 నుంచి 20. అమెరికాలో 2019 డిసెంబర్ నుంచి దేశమంతా 21. సింగపూర్, శ్రీలంకలలోనూ 21. సింగపూర్‌లో ఈ 21 కొనడానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికీ కాల్చడానికీ వర్తిస్తుంది. 19 ఏళ్ల కుర్రాడు సొంత దేశంలో సక్రమంగా కొనుక్కున్న పెట్టెతో అక్కడ దిగినా నేరమే.

మాల్దీవులు అందరికంటే ముందుకు వెళ్లింది. 2025 నవంబర్ 1 నుంచి అక్కడ వయసుతో పని లేదు, పుట్టిన తేదీతోనే పని. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పొగాకు కొనకూడదు, వాడకూడదు, వాళ్లకు అమ్మకూడదు. ఏళ్లు గడిచినా ఆ హద్దు మారదు. సెలవులకు వచ్చిన విదేశీయులకూ ఇదే.

గుర్తింపు కార్డు విషయంలో ఫోన్‌లో తీసిన ఫోటోను చాలా దుకాణాలు ఒప్పుకోవు, అసలు పాస్‌పోర్టు చూపించాలి. అమెరికాలో 30 ఏళ్లలోపు ప్రతి ఒక్కరి కార్డూ చూడాలని 2024 సెప్టెంబర్ 30 నుంచి నిబంధన ఉంది కాబట్టి, 28 ఏళ్లవాళ్లను అడిగితే అవమానంగా తీసుకోవద్దు. చిన్నవాళ్ల కోసం పెద్దవాళ్లు కొనిపెట్టడం ఇంగ్లండ్‌లో 2015 నుంచి నేరం.

ఎక్కడ కాల్చకూడదు

ఇక్కడే దేశాలు ఒకదానికొకటి తలకిందులుగా ఉంటాయి. అలవాటు మీద ఆధారపడితే తప్పు చేసేది కూడా ఇక్కడే.

2004 మార్చి 29న ఐర్లండ్ పనిచేసే చోట్లన్నిటా, బార్లతో సహా, పొగ ఆపేసింది. దేశం మొత్తానికి అలా చేసిన మొదటి దేశం అది. ఆ చట్టం రాసింది ప్రధానంగా బార్లో రోజుకు ఎనిమిది గంటలు ఇతరుల పొగ పీల్చే పనివాళ్ల కోసం. ఈ మూలం గుర్తుంటే, ఆ తర్వాత వచ్చిన చాలా చట్టాలు సులువుగా అర్థమవుతాయి: పైకప్పు, గోడలు, లోపల పనిచేసేవాళ్లు ఉంటే దాదాపుగా నిషేధమే.

మరి సగం గోడలున్న షెడ్డు సంగతి? ఇంగ్లండ్ చట్టం దీనికి కొలత పెట్టింది. పైకప్పు ఉండి, గోడల మొత్తం వైశాల్యంలో శాశ్వతంగా తెరిచి ఉన్న భాగం సగం కంటే తక్కువైతే అది మూసిన చోటే. లెక్క కట్టి చూద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తున్న షెడ్డుకు నాలుగు వైపులా కలిపి గోడ వైశాల్యం 35 చదరపు మీటర్లు. సగం 17.5. పొడుగు వైపు ఒక్కటే తెరిస్తే 10 వచ్చింది, చాలదు. పొడుగు వైపు ఒకటి, పొట్టి వైపు ఒకటి తెరిస్తే 10, 7.5 కలిపి సరిగ్గా 17.5, సరిపోతుంది. తెరిచి మూయగల తలుపులు, కిటికీలు ఈ లెక్కలోకి రావు, బార్లా తీసి ఉన్నా సరే. వానాకాలంలో తెరిచిన వైపు ప్లాస్టిక్ పరదా దించారంటే ఆ షెడ్డు మళ్లీ మూసిన చోటయిపోతుంది. బార్ల యజమానులు ఎక్కువగా దొరికిపోయేది ఈ పరదా దగ్గరే.

ఫ్రాన్స్‌లో కాఫీ దుకాణం ముందు ఆరుబయట కూర్చుని కాల్చవచ్చు. కానీ 2025 వేసవి నుంచి బీచ్‌లు, పార్కులు, బస్ షెల్టర్లు, బడుల చుట్టుపక్కల కాల్చకూడదు. జరిమానా 135 యూరోలు. స్వీడన్‌లో దీనికి భిన్నంగా 2019 జూలై నుంచి హోటళ్ల ఆరుబయట సీట్లలోనే నిషేధం. మిలాన్ నగరంలో 2025 జనవరి నుంచి వీధిలో కూడా పక్క మనిషికి 10 మీటర్ల దూరం ఉంటేనే కాల్చాలి. మెక్సికోలో 2023 జనవరి నుంచి బీచ్‌లు, పార్కులు, హోటళ్లతో సహా బహిరంగ ప్రదేశాలన్నిటా నిషేధం.

జపాన్‌కు వెళ్లేవాళ్లు బయట కాలిస్తే మంచిదనుకుంటారు, అక్కడ అదే తప్పు. టోక్యోలోని చియోదా వార్డు 2002లోనే వీధిలో కాల్చేవాళ్లకు జరిమానా పెట్టింది. ఒసాకా 2025 జనవరి 27 నుంచి ఊరంతటికీ వర్తింపజేసింది, జరిమానా 1,000 యెన్‌లు. కాల్చాలంటే గుర్తుపెట్టిన స్మోకింగ్ పాయింట్ వెతుక్కోవాలి. అదే సమయంలో, 2020 ఏప్రిల్ చట్టానికి ముందు నుంచీ ఉన్న చిన్న బార్లు, కస్టమర్లు కూర్చునే చోటు 100 చదరపు మీటర్లకు మించనివి, తలుపు మీద బోర్డు పెట్టి లోపల కాల్చనివ్వవచ్చు. 20 ఏళ్లలోపు వాళ్లు ఆ బార్ల గుమ్మం దాటకూడదు.

కార్ల విషయం మరిచిపోతుంటారు. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబర్ నుంచి, కారులో 18 ఏళ్లలోపు పిల్లలుంటే కిటికీలన్నీ దించినా కాల్చకూడదు. ఫ్రాన్స్‌లోనూ ఇదే వయసు. పిల్లల ఊపిరితిత్తుల గురించి ఆలోచించి రాసిన నిబంధన ఇది. చట్టం లేని దేశంలో కూడా పాటించాల్సినదే.

హోటల్ గదిలో చట్టం ఒప్పుకున్నా హోటల్ ఒప్పుకోకపోవచ్చు. గదిని శుభ్రం చేయించే ఖర్చు పేరుతో బిల్లులో వేసేది జరిమానా కాదు, మీరు సంతకం పెట్టిన షరతు. బుక్ చేసేటప్పుడే స్మోకింగ్ గది ఉందో లేదో అడగండి. బాల్కనీ కూడా గదిలో భాగమేనా అన్నదీ అడగండి.

పీక పారేయడం ఇంకో చట్టం కిందకు వస్తుంది. ఫ్రాన్స్‌లో నేల మీద వేస్తే అదీ 135 యూరోలే. జపాన్‌లో చాలామంది మూత ఉన్న చిన్న జేబు యాష్‌ట్రే వెంట ఉంచుకుంటారు. చిటికెడు బరువు ఉండదు, ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

విమానంలో

ఈ-సిగరెట్‌ను ఎప్పుడూ క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది ఆర్పగలరు, కింద సరుకు గదిలో ఎవరూ ఉండరు. విమానంలో ఛార్జింగ్ పెట్టకూడదు. విడి బ్యాటరీలకు టేపు చుట్టండి, నాణేలు, తాళంచెవులు తగిలి షార్ట్ కాకుండా ఉంటుంది. గాలి ఒత్తిడి తగ్గగానే ట్యాంకులోని ద్రవం బయటికి కారుతుంది, ఖాళీ చేసి పెట్టుకుంటే బట్టలు పాడవవు. ద్రవం సీసాలకు మామూలు 100 మిల్లీలీటర్ల నియమమే.

లైటర్ చాలా దేశాల్లో ఒకటి మాత్రం ఒంటి మీద ఉంచుకోవచ్చు. చైనాలో లైటర్, అగ్గిపెట్టె రెండూ ఏ బ్యాగులోనూ వద్దు. విమానం టాయిలెట్‌లో యాష్‌ట్రే కనిపిస్తే అనుమతి అనుకోవద్దు. ఎవరైనా నిషేధం మీరి వెలిగిస్తే ఆ నిప్పు చెత్తబుట్టలో పడకుండా ఉండేందుకే దాన్ని ఉంచుతారు.

చట్టం ఇప్పటిదేనా అని చూసుకునే పద్ధతి

ముందు దిగే దేశపు కస్టమ్స్ సైటు తెరవండి. అక్కడ రెండు పేజీలు చదవాలి: సుంకం లేని పరిమితుల పేజీ, నిషేధిత వస్తువుల పేజీ. మొదటిదే చదివి ఆపేసేవాళ్లు వేప్ దగ్గర దొరికిపోతారు, ఎందుకంటే నిషేధించిన వస్తువుకు పరిమితి రాయరు, ఆ పేజీలో దాని పేరే ఉండదు. తర్వాత ఆరోగ్య శాఖ సైటులో వయసు, వాడకం, కాల్చకూడని చోట్లు చూడండి. చివరగా వెళ్లే ఊరి పాలక సంస్థ సైటు. జర్మనీలో బార్ల నిబంధన రాష్ట్రానికో తీరు, బవేరియా 2010 నుంచి చాలా కఠినం. అమెరికాలో లోపల కాల్చడం మీద దేశమంతటికీ ఒకే చట్టం లేదు. జపాన్‌లో వీధి నిబంధన నగరానిది.

వార్తల్లో చదివింది నమ్మేముందు, చట్టం పాసైందా, అమల్లోకి వచ్చిందా, ఇంకా ఉందా అని మూడు విడివిడిగా చూడండి. న్యూజిలాండ్ 2022 డిసెంబర్‌లో ఒక తరానికి పొగాకే అమ్మకూడదని చట్టం చేసింది, ప్రపంచమంతా రాసింది. 2024 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేశారు, ఆ వార్త అంతమందికి చేరలేదు. భూటాన్‌లో సిగరెట్ అమ్మకం నిషేధమని ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది, అది 2021లో సడలిపోయింది. తేదీ లేని పేజీని పక్కన పెట్టేయండి. దొరికిన అధికారిక పేజీని తేదీతో సహా ఫోన్‌లో దాచుకోండి, విమానం దిగాక నెట్ ఉండకపోవచ్చు.

ఎక్కడైనా ఆపితే వాదించవద్దు, ఉన్నదంతా మీరే చూపించండి. లెక్క సరిగా లేదనిపిస్తే రాతపూర్వకంగా అడగండి. కట్టే డబ్బుకు రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకుండా నగదు అడిగితే పై అధికారిని పిలవమనండి. సుంకం ఎక్కువనిపిస్తే చాలాచోట్ల సరుకు వదిలేసి వెళ్లే అవకాశం ఉంటుంది, అడిగి చూడండి.

తిరుగు ప్రయాణానికీ ఇదే కసరత్తు మొదటి నుంచి చేయాలి. ఈసారి కాగితం మీద రాయాల్సింది మీ సొంత దేశం పేరు. లండన్‌లో సక్రమంగా కొన్న వేప్ ఢిల్లీలో దిగగానే నిషేధిత దిగుమతి అవుతుంది. దుబాయ్‌లో కొన్న కార్టన్‌లో సగానికే భారత్ పరిమితి నిండిపోతుంది, మిగతా సగం దాటినట్టే. చివరి డ్యూటీ ఫ్రీ దుకాణం గుమ్మం ముందు ఆగి, బ్యాగులో ఇప్పటికే ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టుకున్నాకే లోపలికి వెళ్లండి.